ఉప్పునీటి తొట్టిలో నాచు: రోజూ పోసే నీళ్లు చూశారా?

ప్రశ్న: మాది వేళచ్చేరి. 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఏడాదిన్నర అయింది. రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్, కొన్ని రాళ్లు, అంతే, పగడాలేవీ లేవు. నాలుగు నెలలుగా రాళ్ల మీద ఆకుపచ్చ నాచు జుట్టులా పెరుగుతోంది. ప్రతి ఆదివారం 20 లీటర్లు మారుస్తాను. టెస్ట్ కిట్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. వేడికి తట్టుకోలేక ట్యాంక్ మీద ఫ్యాన్ పెట్టాను, తగ్గిన మేరకు మేం తాగే నీళ్లే పోస్తున్నాను. ఒక షాపాయన నత్తలు వేయమన్నాడు, ఇంకొకాయన ఏదో మందు సీసా ఇచ్చాడు. మా అత్తగారేమో ఆ మురికి తొట్టి తీసేసి పూలకుండీ పెట్టుకోమంటున్నారు.

జవాబు: అత్తగారికి ఓ రెండు నెలలు గడువివ్వమని చెప్పండమ్మా. మందు సీసా పక్కన పెట్టేయండి.

ముందు ఆ సున్నా సంగతి. టెస్ట్ కిట్ చూపించేది నీళ్లలో మిగిలినదాన్ని, వచ్చి పడినదాన్ని కాదు. చేపల తిండి, రెట్టల నుంచి వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్‌లను నాచు ఎప్పటికప్పుడు తినేస్తుంటే కిట్‌కి దొరికేదేముంటుంది? కంచం ఖాళీగా ఉందని పిల్లాడు అన్నం తినలేదనుకుంటామా? మొదట్లో నేనూ ఆ సున్నా చూసి మురిసిపోయి, లైటు మంచిది కాదేమోనని రెండు లైట్లు మార్చాను, డబ్బు దండగ.

మీ ఉత్తరంలో అసలు మాట "తాగే నీళ్లే పోస్తున్నాను" అన్నది. చెన్నైలో ఫ్యాన్ కింద ఉన్న ఆ సైజు ట్యాంక్‌లో రోజుకు మూడు లీటర్లు ఆవిరైనా ఆశ్చర్యం లేదు, కత్తిరి ఎండల్లో అయితే ఇంకా ఎక్కువే. అంటే నెలకు 90 లీటర్లు. మీరు ఆదివారాలు మార్చేది నెలకు 80! ఆవిరయ్యేది ఒట్టి నీరు మాత్రమే, అందులో కరిగి ఉన్నవన్నీ తొట్టిలోనే ఉండిపోతాయి, ఉప్పుమడుల్లో జరిగేదీ ఇదే కదా. మీ వంటింటి ఫిల్టర్ నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగి ఉన్న సరుకు, మిల్లీగ్రాముల్లో) 110 ఉందనుకోండి, నెలకు దాదాపు పది గ్రాముల సరుకు ట్యాంక్‌లో చేరుతుంది. అందులో చాలా భాగం నాచుకు పనికిరాని ఖనిజాలే కావచ్చు, కానీ నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ఎంత కొంచెం ఉన్నా అవీ అలాగే పోగుపడతాయి. ఆదివారం ఉప్పు కలిపేదీ ఆ నీళ్లతోనే అయితే, ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పోస్తున్నట్టే.

ఇంట్లో ఆర్‌వో ఉంది కదా అంటారేమో. తాగే నీళ్ల మెషిన్లు చాలావాటిలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటి పెట్టి, మెంబ్రేన్ (వడకట్టే పొర) దాటని నీళ్లు కొంత తిరిగి కలుపుతారు. మనకి మంచిదే, ట్యాంక్‌కి కాదు. అక్వేరియం కోసం వేరే ఆర్‌వో, దాని వెనక డీఐ రెజిన్ గొట్టం (మిగిలిన ఖనిజాలను కూడా పట్టేసే గింజలున్నది) ఉండాలి, బయటికొచ్చే నీళ్లు టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపించాలి. రెజిన్ అయిపోతే అంకె పైకి లేస్తుంది, అప్పుడు మార్చాలి. బోరు నీళ్ల టీడీఎస్ ఎక్కువున్న ఇళ్లలో రెజిన్ తొందరగా అయిపోతుంది, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛమైనవే కదా అని పట్టి పోసేవాళ్లున్నారు, వద్దు. అవి ఏసీ లోపలి లోహపు కాయిల్ మీదుగా వస్తాయి, రవ్వంత రాగి చాలు నత్తలూ రొయ్యలూ పోవడానికి.

ఇంకోటి, తగ్గిన చోట పోయాల్సింది ఉప్పు కలపని ఆ ఆర్‌వో-డీఐ నీళ్లే, ఉప్పునీళ్లు కాదు. స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనం తెలిపే కొలత) 1.025 దగ్గర నిలకడగా ఉండేట్టు రోజూ కొంచెం కొంచెం పోయండి. వారానికోసారి బకెట్‌తో కుమ్మరిస్తే చేపలకు ఇబ్బంది.

ఇక ఉన్న నాచు సంగతి. రాళ్లను తొట్టిలోనే రుద్దకండి, ముక్కలు తేలిపోయి ఇంకో చోట మొలుస్తాయి. నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంక్ నీళ్లనే బకెట్‌లో పోసి, అందులో ఒక్కో రాయిని ముంచి పాత టూత్‌బ్రష్‌తో తోమండి, కొళాయి కింద మాత్రం పెట్టకండి, క్లోరిన్‌కి రాళ్లలోని మంచి బ్యాక్టీరియా చస్తుంది. నత్తలు వేయాల్సింది ఆ తర్వాతే, జుట్టు కత్తిరించాక మిగిలిన మోళ్లను టర్బో నత్తలు గీకి తింటాయి గానీ ఇంత పొడుగు పోగుల జోలికి అవి రావు. లైటు రోజుకు ఏడు గంటలు చాలు. బాల్కనీ ఎండ పడుతుంటే కర్టెన్ వేయండి. ఫ్రోజెన్ రొయ్యలు పెడుతుంటే కరిగించి, ఆ రసం పారబోసి, కడిగి వేయండి. ఫిల్టర్‌లోని దూది రెండు మూడు రోజులకోసారి మార్చాలి, దాంట్లో చిక్కుకున్న చెత్త కూడా కుళ్లేది ఆ నీళ్లలోనే. కింద సంప్ (ట్యాంక్ నీళ్లు తిరిగే ఫిల్టర్ తొట్టి) ఉంటే కీటోమార్ఫా అనే నాచుని ముద్దగా వేసి రాత్రిపూట దానికి లైటు పెట్టండి, వారం వారం ఓ గుప్పెడు తీసి పారేస్తుంటే అది తిన్నదంతా బయటికి పోయినట్టే. నాచుతోనే నాచుని కొట్టడం నాకు భలే ఇష్టం.

వెంటనే తగ్గకపోతే టెన్షన్ పడకండి. రాళ్లు పీల్చుకున్న ఫాస్ఫేట్ మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు.

ప్రశ్న: సార్, ఇసుక మీద ముదురు ఎరుపు జిగురు పొర పడుతోంది. తీసిన రెండు రోజులకే మళ్లీ వస్తోంది. ఎరిత్రోమైసిన్ మాత్రలు వేస్తే పోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. వేయనా? (టి.నగర్)

జవాబు: అది నాచే కాదు, సయానోబ్యాక్టీరియా. బ్యాక్టీరియా కాబట్టే యాంటీబయాటిక్‌కి చస్తుంది, నిజమే. కానీ ఆ మందు ఫిల్టర్‌లో అమ్మోనియాని విరిచే మంచి బ్యాక్టీరియాకీ ముప్పే, పైగా అంత పొర ఒకేసారి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ముందు పైపుతో పీల్చేసి, ఆ మూల నీళ్లు కదలకుండా ఉన్నాయేమో చూసి వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) అటు తిప్పండి. ఉన్నవి చేపలే అయితే మూడు రోజులు లైటు పూర్తిగా ఆపి, ట్యాంక్‌కి దుప్పటి కప్పండి, ఎయిర్ పంప్ మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: సముద్రం పక్కనే ఉంది కదా, బెసెంట్ నగర్ బీచ్ నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకుంటే ఉప్పు ప్యాకెట్ ఖర్చు తగ్గుతుందిగా? వచ్చే నెల రామేశ్వరం వెళ్తున్నాం, అక్కడి నుంచి పగడపు రాళ్లు తేవచ్చా?

జవాబు: ఆ బీచ్‌కి ఉత్తరం కొసనే అడయారు నది సముద్రంలో కలుస్తుంది, నగరం మురుగుతో సహా. నాచుకి అంతకంటే మంచి ఎరువేముంది? ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒడ్డు దగ్గర ఉప్పదనం కూడా బాగా పడిపోతుంది. ప్యాకెట్ ఉప్పే వాడండి. ఇక పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, చచ్చిన ముక్కే కదా అని బ్యాగులో వేసుకున్నా కేసవుతుంది. కొళత్తూరు చేపల మార్కెట్‌లో సిరామిక్ రాళ్లు అడిగి చూడండి, నా ట్యాంక్‌లో ఉన్నవీ అవే.