బ్రేకు తొక్కితే చక్రం పట్టేస్తోందా అల్లుడూ?

అల్లుడూ,

బ్రేకు మీద ఇలా కాలు పెట్టగానే వెనక ఎడమ చక్రం పట్టేసి టైరు ఈడ్చుకుపోతోందన్నావు. షెడ్డులో మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే అన్ని చక్రాలకీ బ్రేక్ ఆయిల్ నెట్టేది, మార్చెయ్యాలన్నారట. అప్పుడే ఒప్పుకోకు. తప్పు దానిదైతే ఒక్క చక్రమే పట్టడం అరుదు. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ము విప్పి చూడకుండా డబ్బు పెట్టొద్దు.

అది బాగయ్యేదాకా అమ్మని ఎక్కించుకుని కాలవగట్టు మీదకి మాత్రం వెళ్లకు. కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్, అంటే బ్రేకు తొక్కినా చక్రాలు పట్టెయ్యకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. నీది అంతకు ముందుది, ఏబీఎస్ లేని బండి. వెనక చక్రం పట్టేస్తే బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోటైతే ఇక ఆపలేవు.

చదునైన చోట ముందు చక్రాలకి ఇటుకలు అడ్డుపెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ దించి, వెనక జాకీ ఎత్తు. కింద స్టాండు తప్పకుండా పెట్టు, జాకీని ఒక్కదాన్నే నమ్మకు. ఎవరినైనా బ్రేకు తొక్కి వదలమని, చక్రం చేత్తో తిప్పి చూడు. వదిలాక కూడా బిగిసే ఉందనుకో, చక్రం వెనక ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపిల్ కాస్త వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే, రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్ వెనక్కి రానివ్వడం లేదని దాదాపు ఖాయం. అయినా తిరక్కపోతే తప్పు డ్రమ్ములోనో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్లోనో ఉంది. మీ సఖినేటిపల్లి వైపు ఉప్పుగాలికి కేబుళ్లు తొందరగా తుప్పు పడతాయి.

కానీ నీ బండి కాలు తీస్తే వదిలేస్తోంది, మెత్తగా తొక్కినా మళ్లీ గబుక్కున పట్టేస్తోంది. అందుకే నా అనుమానం లైనర్‌కి, అంటే డ్రమ్ముని లోపల్నుంచి నొక్కే షూల మీద రాపిడి పట్టీకి, ఆయిల్ తగిలిందని. ఆయిల్ తగిలితే జారాలి గాని పట్టడమేంటని అడుగుతావేమో. బాగా తడిస్తే జారుతుంది. కొంచెం తగిలి సగం ఆరిన లైనర్ జిగటెక్కుతుంది. పైగా డ్రమ్ము తిరిగే ఊపు ముందు షూని ఇంకా బిగదీస్తుంది కాబట్టి ఆ జిగట చాలు, చక్రం ఆగిపోడానికి.

డ్రమ్ము తీశాక, షూలని నెట్టే వీల్ సిలిండర్ చివరున్న రబ్బరు టోపీని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఎత్తు. లోపల్నుంచి ఆయిల్ చుక్క జారిందంటే దొంగ దొరికినట్టే. అక్కడ పొడిగా ఉండి షూ మాత్రం జిడ్డుగా ఉంటే, చక్రం మధ్యలోంచి గ్రీజు కారకుండా ఆపే హబ్ సీలు చూడు. లోపలి దుమ్ము నోటితో ఊదకు, తడిగుడ్డతో తుడువు.

లైనర్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ బిగిద్దామంటారు. ససేమిరా వద్దను. పీల్చుకున్న ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. షూలు రెండు వైపులా మార్పించు, ఒక్క వైపే మారిస్తే బండి పక్కకి లాగుతుంది. కుడి డ్రమ్ము కూడా విప్పించు. అక్కడ సిలిండర్ జామై ఉంటే, ఆ లోటుకి నువ్వు గట్టిగా తొక్కేకొద్దీ భారమంతా ఎడమదాని మీదే పడుతుంది.

బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్లైంది మార్చి? గాలిలో తేమని అది పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక 140కే మరగొచ్చు. మన చిత్తడి నేలలో రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

బ్లీడింగ్ అయ్యి, అంటే గొట్టాల్లో గాలి తీసేసి, పెడల్ గట్టిపడ్డాక ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి చూడు. పాత షూలు పారెయ్యొద్దని చెప్పు, ఆదివారం వచ్చి చూస్తాను.

మీ మావయ్య