ఖనిజం పోగు లోపలికి వెళ్లాలి

చి. శ్రావణికి ఆశీస్సులు.

ఎముకలాంటి పదార్థాన్ని ప్రయోగశాలలో చెయ్యబోతే, కొల్లాజెన్ (ఎముకలోని ప్రోటీన్) పోగుల మీద ఖనిజం తెల్లటి పూతలా పట్టిందని రాశావు. ఆ పూతే అసలు చిక్కు. ఎముకలో ఖనిజం పోగును అంటిపెట్టుకుని ఉండడమే కాదు, లోపల కూడా ఉంటుంది. కొల్లాజెన్ అణువులు 67 నానోమీటర్లకొకసారి వరస మారుతూ పేర్చుకుంటాయి. అందులో సుమారు 40 నానోమీటర్ల మేర ఖాళీలుంటాయి. ఎముక ఖనిజమైన అపటైట్ పలకలు అక్కడ మొదలవ్వాలి.

ముందు పోగులు సరిగా రావాలి. లీటరుకు 3 గ్రాముల టైప్ 1 కొల్లాజెన్ ఆమ్ల ద్రావణాన్ని మంచు మీదే ఉంచు. 8 వంతుల కొల్లాజెన్‌కు 1 వంతు పదింతల గాఢత పీబీఎస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం), ఆపైన 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు చుక్కలుగా కలుపుతూ పీహెచ్ 7.4కు తీసుకురా. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా కదపకు. తర్వాత ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్‌తో నాలుగైదు సార్లు కడుగు. పీబీఎస్‌లోని ఫాస్ఫేట్ మిగిలిపోతే కాల్షియం తగలగానే విరిగిన పాలలా అవుతుంది.

ఎలక్ట్రోస్పిన్నింగ్ (విద్యుత్తుతో ద్రావణాన్ని సన్నని పోగులుగా లాగడం) తొందరగా అవుతుంది, నిజమే. కానీ అందులో వాడే ఫ్లోరో ఆల్కహాల్ కొల్లాజెన్ అణువులోని మూడు పేటల మెలికను చాలావరకు విప్పేస్తుంది. మిగిలేది జెలటిన్‌కు దగ్గర. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, అందులో కొల్లాజెన్ అంత.

ఇక ఖనిజ ద్రావణం. ఒక లీటరుకు రెండు సగాలు విడిగా చెయ్యి. మొదటి అర లీటరు ట్రిస్ బఫర్ సెలైన్‌లో కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 0.66 గ్రాములు, పాలీఆస్పార్టిక్ ఆమ్లం (ఖనిజం తొందరపడి గడ్డకట్టకుండా ఆపే పాలిమర్) 100 మిల్లీగ్రాములు. రెండో దానిలో డైపొటాషియం ఫాస్ఫేట్ 0.366 గ్రాములు. పాలీఆస్పార్టిక్ ఆమ్లం కాల్షియంతో ముందే జత కట్టి ఉండాలి, అందుకే అది మొదటి సగంలోనే పడాలి. ఫాస్ఫేట్‌ను నెమ్మదిగా దానిలో పొయ్యి. పాలీఆస్పార్టిక్ ఆమ్లం తక్కువైతే ఖనిజం గోళాలుగా పోగు పైన పేరుకుంటుంది. మరీ ఎక్కువైతే వారం గడిచినా ఏమీ పట్టదు. 50, 100, 200 మిల్లీగ్రాములతో మూడు సీసాలు పెట్టి చూడు.

ట్రిస్ పీహెచ్‌ను 37 డిగ్రీల దగ్గరే సరిచెయ్యి. 25 డిగ్రీల దగ్గర 7.4 పెట్టి ఇంక్యుబేటర్‌లో పెడితే అది 7.1 దగ్గరికి దిగుతుంది, ఖనిజం పట్టడం మందగిస్తుంది. ఈ పొరపాటు ఎంత సామాన్యమో!

పోగులను ఈ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర నాలుగు రోజుల నుంచి రెండు వారాల దాకా ఉంచు, రెండు మూడు రోజులకొకసారి ద్రావణం మార్చు. కలిపిన నిమిషాల్లోనే తెల్లబడితే దాన్ని పారబోయి. బూజు పట్టకుండా సోడియం అజైడ్ వేస్తే, అది విషమని గుర్తుంచుకుని కణాల పరీక్షకు ముందు బాగా కడుగు.

చివర్లో నీటితో కడగకపోతే ఉప్పు స్ఫటికాలే ఖనిజంలా కనిపిస్తాయి. గాలికి ఆరబెట్టకు, ముడుచుకుపోతుంది. ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి, శూన్యంలో నీటిని తీసెయ్యడం) చెయ్యి.

థర్మోగ్రావిమెట్రీలో (వేడిచేస్తూ బరువు చూసే పరీక్షలో) 60 శాతం ఖనిజం మిగిలిందని సంబరపడకు, పైపూత కూడా ఆ లెక్కలోకే వస్తుంది. రంగు వెయ్యని పోగును టీఈఎం అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టి డిఫ్రాక్షన్ బొమ్మ (స్ఫటికాల వల్ల చెదిరిన ఎలక్ట్రాన్లు ఏర్పరిచే చుక్కల బొమ్మ) తియ్యి. అపటైట్ పలకల పొడవు దిశను చూపే 002 చుక్కలు పోగు పొడవు వెంట విల్లులా వంగి ఉంటే స్ఫటికాలు వరసలో ఉన్నట్టు. పూర్తి వలయం వస్తే చెల్లాచెదురుగా పేరుకున్నట్టు. మసక వలయమే ఉంటే ఇంకా స్ఫటికంగా మారలేదు, మరో నాలుగు రోజులు ఉంచు.

ఆ బొమ్మ వచ్చాక మూడు సీసాలదీ పంపు.

మీ మాస్టారు