డ్రై టార్టుగాస్‌లో రెండు రాత్రులు: పిల్లతో వెళ్ళవచ్చా?

మీరు అడిగినవి మూడు. ఫ్లోరిడాలోని డ్రై టార్టుగాస్ నేషనల్ పార్కులో తొమ్మిదేళ్ళ అమ్మాయితో రెండు రాత్రులు టెంటులో ఉండవచ్చా, ఏమేమి మోసుకువెళ్ళాలి, అంత కష్టం ఎందుకు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తే సరిపోదా అని. నేనూ మా ఆవిడా అప్పటికి పదేళ్ళున్న మా అబ్బాయీ 2022 ఏప్రిల్ చివర్లో వెళ్ళి రెండు రాత్రులు ఉండి వచ్చాము.

ముందు మూడో ప్రశ్న. సరిపోదండీ. ఫెర్రీ పొద్దున ఎనిమిదింటికి కీ వెస్ట్ ఊళ్ళో బయలుదేరి పదిన్నర ప్రాంతంలో పార్కులో పాత కోట ఉన్న గార్డెన్ కీ ద్వీపానికి చేరుతుంది. మధ్యాహ్నం మూడు కాకముందే తిరుగుదారి పడుతుంది. ఆ నాలుగు గంటలూ ద్వీపం తిరునాళ్ళలాగా ఉంటుంది. కోట చూడాలా, నీళ్ళలోకి దిగాలా, అన్నం తినాలా అన్న హడావిడిలోనే పొద్దు గడిచిపోతుంది. పడవ వెళ్ళిపోయాక మాత్రం కోట, సముద్రం, రేంజర్లు, టెంట్ల దగ్గర మిగిలిన పాతిక ముప్ఫై మంది, అంతే. మేము వెళ్ళిన రోజు పడవ కనుమరుగు కాగానే మా వాడు "ఇప్పుడు మనం ఇక్కడ చిక్కుకుపోయినట్టేనా?" అన్నాడు. వాడి గొంతులో భయం కంటే సంబరమే ఎక్కువ వినిపించింది.

ఇక సామాను. టెంటు ఏ కంపెనీది, స్లీపింగ్ బ్యాగు ఎలాంటిది అన్న చర్చ అంతా పక్కన పెట్టి నీళ్ళ లెక్క నుంచి మొదలుపెట్టండి. ద్వీపంలో మంచినీళ్ళు లేవు. కుళాయి లేదు, దుకాణం లేదు, స్నానాల గది లేదు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ కనీసం అంటారు, అంటే 3.8 లీటర్లు. రెండు రాత్రులంటే మూడు పగళ్ళు కనుక మీ ముగ్గురికీ తొమ్మిది గ్యాలన్లు. గాలులు ముదిరితే ఫెర్రీ ఆ రోజు రాకపోవచ్చు, అందుకని ఇంకో రోజుకు సరిపడా కలిపి పన్నెండు చేసుకోండి. దాదాపు 45 కిలోల బరువు! మేము వెళ్ళినప్పుడు ఫెర్రీలో మనిషికి 60 పౌండ్ల సామాను దాకా అనుమతి ఉండేది, నీళ్ళు ఆ లెక్కలోకి రావు. టికెట్టు కొనేటప్పుడు ఈ నియమం ఒకసారి సరిచూసుకోండి. పెద్ద డ్రమ్ములో కాకుండా గ్యాలన్ సీసాల్లోనే తీసుకువెళ్ళండి. ఒకటి కారినా మిగతావి ఉంటాయి, మీ అమ్మాయి కూడా ఒకటి మోయగలదు. మా పక్క టెంటులోని కుర్రాళ్ళు ఇద్దరూ కలిపి మూడు గ్యాలన్లతో వచ్చారు. రెండో రోజు మధ్యాహ్నానికే వాళ్ళ మొహాలు చూసి మా ఆవిడ రెండు సీసాలు ఇచ్చి వచ్చింది. అదనంగా తెచ్చుకున్నాము కాబట్టి ఇవ్వగలిగాము, లేకపోతే ఆ దాతృత్వం ఎక్కడిది?

ఈ నీళ్ళ లెక్క తప్పినవాళ్ళు ఆ కుర్రాళ్ళు మొదటివాళ్ళు కారు. 1513లో పోన్స్ డి లియోన్ అనే స్పెయిన్ నావికుడు ఇక్కడ తాబేళ్ళను గుంపులుగా చూసి టార్టుగాస్ అని పేరు పెట్టాడు. తాగే నీళ్ళు దొరకవని మిగతా నావికులను హెచ్చరించడానికి తర్వాతి పటాల్లో ముందు 'డ్రై' చేరింది. ఆ తర్వాత 1846లో అమెరికా సైన్యం ఇక్కడ ఫోర్ట్ జెఫర్సన్ కట్టడం మొదలుపెట్టింది. ఆరు పలకల కోట, కోటీ అరవై లక్షల ఇటుకలు. వాన నీళ్ళు పట్టి దాచుకోవడానికి నేల కింద వందకు పైగా తొట్లు కట్టారు. ఆలోచన గొప్పదే కానీ అంత ఇటుక బరువుకు కింది ఇసుక కుంగి తొట్లు బీటలు వారాయి, మంచినీళ్ళలో సముద్రపు నీళ్ళు కలిశాయి. చివరికి ఉప్పు నీళ్ళను మరిగించి ఆ ఆవిరిని చల్లబరచి తాగవలసి వచ్చింది. అంతర్యుద్ధ కాలంలో సైనికులూ ఖైదీలూ కలిపి దాదాపు రెండు వేల మంది అక్కడ బతికారు. కోట మాత్రం ఎన్నడూ పూర్తి కాలేదు. టెంటు ముందు కూర్చుని గ్లాసులో కొలుచుకుని నీళ్ళు తాగుతున్నప్పుడు ఆ గోడలను చూస్తే కాస్త జాలి కలుగుతుంది.

టెంట్ల స్థలం రేవుకు దగ్గరే, సామాను తోసుకువెళ్ళడానికి బండ్లు ఉంటాయి. రాత్రికి 15 డాలర్లు. విడి స్థలాలు ఎనిమిదే, ముందు వచ్చినవాళ్ళకే. అవి నిండితే పక్కన ఖాళీ స్థలంలో అందరూ కలిసి సర్దుకోవాలి. పడవ దిగగానే ఒకరు సామాను దగ్గర ఆగి ఇంకొకరు చెట్ల నీడ పడే చోటు పట్టుకోండి. ఇసుకకు పట్టు ఉండదు, టెంటుతో వచ్చే పొట్టి మేకులు నిలవవు. మొదటి రాత్రి మా టెంటు ఒక మూల లేచి నా మొహం మీద కొట్టుకుంటూనే ఉంది. పొడుగు మేకులు కొనుక్కోండి, లేదా సంచుల్లో ఇసుక నింపి తాళ్ళు వాటికి కట్టండి.

వంటకు గ్యాసు సిలిండర్లు, ద్రవ ఇంధనం ఫెర్రీలోకి రానివ్వరు. తానే అంటుకునే రకం బొగ్గు మాత్రం తీసుకువెళ్ళవచ్చు, ప్రతి స్థలంలోనూ గ్రిల్లు ఉంటుంది. మేము ఒక్క పూటే వెలిగించాము. ఆ ఎండలో నిప్పు ముందు నిలబడడం అనవసరమైన వీరత్వం అనిపించింది. మొదటి రోజు పులిహోర, తర్వాత చపాతీలు, వేరుశనగ వెన్న, పప్పుచెక్కలు, నారింజ పళ్ళు. గిన్నెలు కడగవలసిన పని ఏదీ పెట్టుకోకండి, కడగడానికి నీళ్ళు ఎక్కడివి? చెత్త కూడా ఒక్క కాగితం మిగలకుండా తిరిగి తెచ్చుకోవలసిందే.

తిండిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, మూత బిగించి పెట్టండి. ఎలుకలున్నాయి. కథలో ఎలుకలు కావు, నిజం ఎలుకలు. వీపు సంచి జేబులో నేను మరిచిపోయిన జీడిపప్పు పొట్లం కోసం అవి సంచికి గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా కన్నం పెట్టాయి. వాటికి తోడు ఖాళీ నత్తగుల్లలను ఇల్లుగా మోసుకు తిరిగే పీతలు రాత్రంతా ఆకుల మీద చరచరమని తిరుగుతుంటాయి. ఏమీ చేయవు కానీ ఆ చప్పుడుకు మొదటిసారి ఎవరో టెంటు చుట్టూ నడుస్తున్నారనే అనిపిస్తుంది. మీ అమ్మాయికి పగలే వాటిని చూపించండి, రాత్రి భయం తగ్గుతుంది.

మరుగుదొడ్లు ఎరువుగా మార్చే రకం. ఫెర్రీ రేవులో ఉన్నంత సేపూ వాటిని మూసేస్తారు, అప్పుడు పడవలోని వాటినే వాడుకోవాలి. వాసన గురించి ఏమీ రాయను. స్నానం లేదు కనుక రెండో రోజుకు ఒంటి మీద ఉప్పు పొరలు కడుతుంది. పిల్లలకు తొడల దగ్గర ఒరుసుకుని మంట పుడుతుంది, మా వాడు ఒక పూట ఏడ్చాడు కూడా. తడి తుడుపు కాగితాలు రెండు పొట్లాలు, కొబ్బరి నూనె చిన్న సీసా పెట్టుకోండి. సముద్రం నుంచి రాగానే ఒక కప్పు మంచినీళ్ళలో గుడ్డ ముంచి తుడవండి. పన్నెండు గ్యాలన్లలో ఆ కప్పుకూ చోటుంది.

పిల్ల భద్రత గురించి అడిగారు. మొసళ్ళ గురించి ఎక్కడో చదివామని కూడా రాశారు. ఒక్క మొసలి ఏళ్ళ తరబడి అక్కడ ఒంటరిగా ఉన్న మాట నిజమే, 2017లో దాన్ని పట్టుకుని ఫ్లోరిడాలోనే ఉన్న ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలకు తరలించారు. నేను భయపడింది మొసలికి కాదు, కోటకు. పై అంతస్తు మీద పిట్టగోడ లేదు, రెయిలింగు లేదు, అంచు దాటితే కిందకే. ఫిరంగుల కోసం వదిలిన కంతలు కూడా చాలా చోట్ల బార్లా తెరిచి ఉంటాయి. అక్కడ చేయి వదలకండి. చూడవలసిన చోటే, ఎందుకంటే కోట ఎలా కూలుతోందో అక్కడే తెలుస్తుంది. ఫిరంగి కంతలకు బిగించిన ఇనుప తలుపులు ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న ఇటుకలను లోపలి నుంచే పగలగొట్టాయి. శత్రువు ఎవరూ ఒక్క గుండు కూడా పేల్చకుండానే కోట తనను తానే దెబ్బ తీసుకుంది. అమెరికా అధ్యక్షుడు లింకన్‌ను చంపిన బూత్ కాలికి కట్టు కట్టిన డాక్టర్ శామ్యూల్ మడ్‌ను బంధించింది కూడా ఇక్కడే. 1867లో పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) వచ్చి కోట వైద్యుడు చనిపోతే, ఖైదీగా ఉన్న మడ్డే రోగులను చూశాడు. 1869లో క్షమాభిక్ష దొరికింది. మా వాడు ఆ గదిలో నిలబడి "డాక్టరుకు డాక్టరు పని చేసినందుకే శిక్షా?" అని అడిగాడు. ఆ తగువు చరిత్రకారుల మధ్య ఇంకా నడుస్తూనే ఉందని చెప్పి బయటపడ్డాను.

నీళ్ళలో అయితే కోట చుట్టూ ఉన్న కందకం గోడ బయటి వైపు పిల్లలకు చక్కటి చోటు. లోతు తక్కువ, గోడ పొడుగునా పగడాలు, వాటి మధ్య రంగు చేపలు. పాత బొగ్గు రేవుల ఇనుప స్తంభాల దగ్గర ఇంకా బాగుంటుంది కానీ అక్కడ లోతు ఎక్కువ, ఈత బాగా వస్తేనే. కాళ్ళకు నీటి చెప్పులు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా వేయండి. కందకం లోపల ఈత నిషేధం. కందకం గోడ మీద నడక మాత్రం సూర్యాస్తమయం వేళ తప్పకుండా చేయండి. 2017లో ఇర్మా తుఫానుకు గోడ కొంత కూలింది, మేము వెళ్ళినప్పుడు కోట చుట్టూ పూర్తిగా తిరిగే వీలు లేకపోయింది.

ఏప్రిల్‌లో వెళుతున్నామన్నారు, మంచి నెలే ఎంచుకున్నారు. చలికాలపు ఉత్తర గాలులు అప్పటికి తగ్గుముఖం పడతాయి, తుఫానుల కాలం ఇంకా మొదలు కాదు. పక్కనే ఉన్న బుష్ కీ ద్వీపం మీద వేల కొద్దీ సూటీ టెర్న్ పక్షులు గూళ్ళు పెడతాయి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట. గూళ్ళ కాలంలో అక్కడికి మనుషులను రానివ్వరు కానీ వాటి అరుపులు మాత్రం మన టెంటులోకి వస్తాయి, అర్ధరాత్రి కూడా ఆగవు. మా ఆవిడకు మొదటి రాత్రి నిద్ర లేదు. రెండో రాత్రి ఆ అరుపులే జోలపాట అయ్యాయి. ఒక్క రాత్రికే వెళ్ళేవాళ్ళు జోలపాట దాకా రారు, అందుకే రెండు రాత్రులు అంటున్నాను. అదే నెలలో ఉత్తరానికి వలస పోయే చిన్న పిట్టలు సముద్రం దాటి అలసిపోయి కోట లోపలి చెట్ల మీద వాలతాయి. అక్కడ వాటి కోసం చిన్న నీళ్ళ తొట్టి ఉంది. మేము చూస్తుండగా బొటనవేలంత పసుపు పిట్ట ఒకటి వచ్చి, మా నుంచి రెండడుగుల దూరంలో, మనుషులను పట్టించుకునే ఓపిక కూడా లేనట్టు తాగుతూనే ఉంది. మా వాడు గుక్కలు లెక్కపెట్టాడు, పదిహేడు దాకా.

వీలైతే అమావాస్య దగ్గరి తేదీలు చూసుకోండి. మేము అలాగే వెళ్ళాము. కీ వెస్ట్ 70 మైళ్ళ దూరం, వీధి దీపం అన్నదే లేదు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో దక్షిణాన నీళ్ళ అంచు మీద నాలుగు చుక్కలు నిలబడ్డాయి, త్రిశంకు నక్షత్రాలు. అంత కిందుగా ఉంటాయి కాబట్టి ఓడ దీపాలనుకుని మొదట పట్టించుకోలేదు. వాటిని చూపించడానికి మా వాడిని లేపాను, చూసి, సరే అని మళ్ళీ పడుకున్నాడు.

ఫోను సిగ్నల్ అసలు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పి వెళ్ళండి, లేకపోతే మూడు రోజులు కంగారు పడతారు. మందులన్నీ మీ దగ్గరే ఉండాలి. ఆస్పత్రి కావాలంటే మళ్ళీ ఆ 70 మైళ్ళే.

టికెట్ల విషయంలో ఆలస్యం చేయకండి. క్యాంపింగ్‌కు వెళ్ళేవాళ్ళను ఒక్కో పడవలో పది మంది దాకానే తీసుకుంటారు, నెలల ముందే అయిపోతాయి. పెద్దవాళ్ళకు రానూ పోనూ రెండు వందల డాలర్లు దాటుతుంది. ముందు ఆ టికెట్టు దొరికిన తేదీ చూసుకుని, తర్వాతే సెలవు పెట్టండి. మేము ముందు సెలవు పెట్టి, తర్వాత దాన్ని రెండు సార్లు మార్చుకున్నాము.

తిరుగు ప్రయాణంలో కెరటాలు పెద్దవి, పడవలో సగం మంది తలలు సంచుల్లోనే ఉన్నాయి. వాంతుల మాత్ర పడవ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి. పిల్లలకు ఎంత మోతాదో మీ డాక్టరును ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కూర్చోవడానికి కింది అంతస్తులో, పడవ వెనక భాగంలో చోటు చూసుకోండి, అక్కడ కుదుపు తక్కువ.