అడ్డపొగ తాగేవారి అంగిలి మీద తెల్లమచ్చలు: బయాప్సీ ఎప్పుడు, ఎక్కడి నుంచి?

శ్రీకాకుళం వైపు ఉండే మీ అమ్మమ్మగారికి చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి తాగే అలవాటు (అడ్డపొగ) ఉందని, అంగిలి తెల్లబారి మధ్యలో ఎర్రచుక్కలు కనిపిస్తున్నాయని, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) తప్పదా అని అడిగారు.

ఆ చుక్కలు వేడికి వాచిన చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు. చుట్ట మామూలుగా తాగేవాళ్లలోనూ ఇవి వస్తాయి, మానేస్తే కొన్ని వారాల్లో చాలామటుకు తగ్గిపోతాయి. అడ్డపొగ సంగతి వేరు. నిప్పు అంగిలి కిందే ఉంటుంది కాబట్టి, ఈ మార్పుల్ని క్యాన్సర్‌కు దారితీయగలవిగానే చూస్తాం.

పరీక్ష ఇలా జరగాలి. కట్టుడుపళ్లు తీయించి, తల వెనక్కి వాల్చి, అంగిలి తడి తుడిచి, మంచి వెలుతురులో చూడాలి. తడి మెరుపులో చిన్న ఎర్రమచ్చలు తప్పిపోతాయి. గాజ్ గుడ్డతో రుద్దితే తెల్లపొర ఊడి కింద ఎర్రగా కనిపిస్తే అది ఎక్కువగా కాండిడా ఫంగస్. ఊడకపోతే అంగిలి పైపొర మందమెక్కినట్టు. తర్వాత వేలితో తడమాలి, దవడ కిందా మెడలోనూ గడ్డలున్నాయేమో చూడాలి. తెల్లదనం ఎంత విస్తరించిందన్నది అంత ముఖ్యం కాదు. అందులో నున్నటి ఎర్రమచ్చ, మానని పుండు, గట్టిపడిన అంచు ఉన్నాయా అన్నదే అసలు విషయం.

పుండుకు గుచ్చుకునే పన్నో, ఒరిసే కట్టుడుపళ్లో కారణమైతే సరిచేసి రెండు వారాలు చూడొచ్చు. మానకపోతే ముక్క తీయాల్సిందే. గట్టి అంచు తగిలితే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. బి-కాంప్లెక్స్ మాత్రలు, స్టెరాయిడ్ పేస్టు రాస్తూ నెలలు గడపడం దగ్గరే చాలామందికి నష్టం జరుగుతోంది.

ముక్క ఎక్కడ తీశారన్నదాని మీదే రిపోర్టు ఆధారపడుతుంది. పుండు నడిమధ్య చచ్చిన కణాలే వస్తాయి కాబట్టి ఎర్రగా, గట్టిగా ఉన్న చోట, అంచును కలుపుకొని తీయాలి. మత్తు సూది మచ్చలోకే పొడిస్తే కణజాలం ఉబ్బి రూపు మారుతుంది, కాస్త ఎడంగా ఇవ్వాలి. వెనక దవడపళ్ల వైపు అంగిలి రక్తనాళం ఉంటుంది, అక్కడ లోతుగా కోయకూడదు. ముక్కను ఫోర్సెప్స్‌తో నలపకుండా, వెంటనే దానికి కనీసం పదిరెట్ల 10% ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేయాలి. సెలైన్‌లో పంపితే కణాలు పాడవుతాయి. గాయానికి సాధారణంగా కుట్లు అక్కర్లేదు, దానంతటదే మానుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని ఇంట్లో ఎవరైనా అంటే నమ్మకండి.

డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు దారితీయగల కణాల మార్పు) లేదని రిపోర్టు వచ్చినా, చూపుకు మచ్చ అనుమానంగానే ఉంటే మరోచోట నుంచి మళ్లీ తీయించండి. మూడు నెలలకోసారి చూపించండి, ప్రతిసారీ అదే కోణంలో ఫొటో తీయించి పోల్చమనండి.