మెచ్చుకోలు కూడా ఆపండి

మీ అమ్మాయికి 14 ఏళ్లని, బరువు సరిగానే ఉందని డాక్టరు చెప్పినా లావైపోయానంటూ రాత్రిపూట తినడం మానేస్తోందని, ఎంత నచ్చజెప్పినా వినట్లేదని రాశారు. ఆ వయసులో నేనూ అచ్చం ఇలాగే చేశానండీ.

పన్నెండు దాటాక ఏడాది తిరిగేలోపే పాత బట్టలేవీ పట్టకుండా పోయాయి. ఆ వయసులో ఆడపిల్లలకు తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగమేనని, పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం ఈ కొన్నేళ్లలోనే వస్తుందని నాకెవరూ చెప్పలేదు. నేనేదో తప్పు చేశాననుకున్నాను. మొదట రాత్రి తిండి మానేశాను, తర్వాత పొద్దుటిది. రోజుకు నాలుగుసార్లు బరువు చూసుకునేదాన్ని. ఒంట్లో నీరు పెరిగి తగ్గినా ఒక కిలో అటూ ఇటూ అవుతుందని తెలియక, ఆ కిలో కోసం ఏడ్చేదాన్ని.

నన్ను నిజంగా దెబ్బతీసింది ఆ తర్వాత జరిగింది. నాలుగు కిలోలు తగ్గగానే అందరూ మెచ్చుకున్నారు. "ఎంత నాజూగ్గా అయ్యావే!" అని చుట్టాలు, టీచర్లు, ఇంట్లోవాళ్లు కూడా. లావన్నప్పుడు పడ్డ బాధకన్నా, ఈ మెచ్చుకోలు పోతుందేమోనన్న భయమే నన్ను ఎక్కువ రోజులు కడుపు మాడ్చుకునేలా చేసింది. పుస్తకం తెరిస్తే తిండి ఆలోచనలే వచ్చేవి. నాకు నిగ్రహం లేదనుకుని ఇంకా తగ్గించాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు చాలీచాలని తిండి పెట్టి చూస్తే, వాళ్లకూ తిండి ధ్యాసే పట్టుకుందట. ఇది చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేదో!

మూడు నెలలు నెలసరి రాకపోతేగానీ ఇంట్లో సంగతి బయటపడలేదు. డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూసే కొలత) లెక్కలు నా వయసుకు పనికిరావని చెప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 19 ఏళ్లవాళ్ల కోసం 2007లో ఇచ్చిన గ్రాఫు మీద నేనెక్కడున్నానో చూపించింది. ఎముకలు గట్టిపడే వయసు ఇదేనని, ఇప్పుడు పోగొట్టుకుంటే తర్వాత పూడ్చుకోవడం కష్టమని చెప్పింది.

అమ్మ బరువు చూసే మిషన్ తీసేసింది. నా ముందు తన బరువు గురించి విసుక్కోవడం మానేసింది. నా వరకు ఇదే పెద్ద మార్పు. రాత్రి అందరం కలిసి తినేవాళ్లం, నేనెంత తింటున్నానో ఎవరూ చూసేవారు కాదు. మగపిల్లలకు ఈ బాధ ఉండదనుకోకండి, బక్కగా ఉన్నానని మా తమ్ముడు చొక్కా విప్పడానికే సిగ్గుపడేవాడు.

మీరు కూడా నచ్చజెప్పడం ఆపి, తన ఒంటి గురించి మంచిగానీ చెడుగానీ ఎవరూ మాట్లాడకుండా చూడండి. పూటలు మానేయడం ఇలాగే సాగుతుంటే మళ్లీ డాక్టరుకు చూపించండి. నెలసరి తప్పినా, కళ్లు తిరుగుతున్నా, తిన్నది కక్కేస్తోందని అనుమానం వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకండి. మానసిక వైద్యుల్నీ కలవండి. మా ఇంట్లో మూడు నెలలు ఆలస్యం చేశారు.