క్రిమినల్ జస్టిస్‌కి ఏఎస్ కాదు, ఏఎస్-టి తీసుకోమనండి

అక్కా, మీ అమ్మాయి కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్ చదువుతానంటోందని, రెండేళ్ల తర్వాత ఆ క్రెడిట్లు యూనివర్సిటీలో చెల్లవేమోనని కదా మీ టెన్షన్. చెల్లుతాయి, డిగ్రీ పేరు సరిగ్గా చూసుకుంటే.

ఇక్కడ ఈ సబ్జెక్టును ఎక్కువగా 'అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్' అంటారు. చాలా కాలేజీల్లో దీనికి ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్ అనే రెండేళ్ల డిగ్రీ), ఏఎస్-టి అని రెండు రకాలుంటాయి. చివరి 'టి' అంటే ట్రాన్స్‌ఫర్. 60 సెమిస్టర్ యూనిట్లతో అది పూర్తి చేస్తే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. కోరుకున్న క్యాంపసే వస్తుందని మాత్రం కాదు.

మావాడి ప్లాన్ కాగితం మీద ఆ 'టి' లేదు, నేనూ గమనించలేదు. సెమిస్టర్ అయ్యాక చూస్తే రెండు కోర్సులు లెక్కలోకి రాలేదు. ఆ రాత్రి వాడు అన్నం కూడా తినలేదు. అందుకే మొదటి నెలలోనే కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోమనండి. ఏ కోర్సు యూనివర్సిటీలో చెల్లుతుందో చూపే అసిస్ట్ డాట్ ఆర్గ్ (assist.org) సైట్‌లో ఒక్కో కోర్సునూ సరిచూసుకోమనండి.

తనకు ఎఫ్‌బీఐ ఏజెంటు కావాలని ఉందన్నారు. దానికి నాలుగేళ్ల డిగ్రీతోపాటు అమెరికా పౌరసత్వం కూడా ఉండాలి. మీకింకా గ్రీన్ కార్డే రాలేదు కాబట్టి ఈ సంగతి ఇప్పుడే చెప్పండి.