గేర్‌బాక్స్ దించే ముందు

ప్రశ్న: మా ఆటోమేటిక్ కారు 90,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు బండి ఒక్కసారి తన్నినట్టవుతోంది. ఒక షెడ్డులో అయిదు నిమిషాలు నడిపి చూసి, గేర్‌బాక్స్ పోయింది, మొత్తం మార్చాల్సిందే అన్నారు. మరొక చోట ఆయిల్ మారిస్తే సరిపోతుందన్నారు. ఇద్దరూ ఏమాత్రం సందేహం లేనట్టే చెప్పారు. ఎవరి మాట నమ్మాలి? ఈ పనికి నమ్మకమైన షెడ్డును ఎలా ఎంచుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఆ ఇద్దరిలో ఎవరి మాటనూ ఇప్పుడే నమ్మనవసరం లేదు. ఒకరు పెద్ద పని చెప్పారు, ఒకరు చిన్న పని చెప్పారు. లోపం ఎక్కడుందో పరీక్షించి చూసినవారు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ లేరు. చిన్న పని చెప్పినవారు నిజాయతీపరులనీ, పెద్ద పని చెప్పినవారు డబ్బు గుంజేవారనీ అనుకోవడం మనలో చాలామందికి అలవాటే గాని, గేర్‌బాక్స్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. లోపలి క్లచ్ ప్లేట్లు మాడిపోయిన బండికి కొత్త ఆయిల్ పోసి పంపించినా మీ డబ్బు వృథాయే, ఎందుకంటే అరిగిపోయిన ప్లేటును ఏ ఆయిలూ తిరిగి తెచ్చిపెట్టదు. కాబట్టి ఎంత పని చెప్పారన్నదాన్ని పక్కన పెట్టి, ఏం చూసి చెప్పారన్నదాన్ని పట్టించుకోండి.

పని తెలిసిన మెకానిక్ ముందు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తన్నుతోందా, వేడెక్కాక తన్నుతోందా, గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఏ ఆయిల్ పోశారు, ఈ మధ్య మరేదైనా రిపేరు జరిగిందా అని విచారిస్తారు. ఆటోమేటిక్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా, అది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న రకమా, రెండు క్లచ్‌ల రకమా, లేక మాన్యువల్ గేర్‌బాక్స్‌నే మోటార్లతోనో హైడ్రాలిక్స్‌తోనో నడిపే ఏఎంటీయా అన్నది తేల్చుకుంటారు. వీటి రోగాలు వేరు, మందులూ వేరు. ఆ తరువాత మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మీరు చెప్పిన ఆ తన్ను మళ్ళీ వచ్చేదాకా బండి నడుపుతారు.

ఇంత ఎందుకంటే, గేర్‌బాక్స్‌లో వచ్చినట్టు అనిపించే కుదుపు చాలాసార్లు దాని బయట పుడుతుంది. నా సొంత కారు విషయంలోనే ఒకచోట గేర్‌బాక్స్ విప్పాలని తేల్చేశారు. మరో మెకానిక్ బానెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని చెప్పి, గేరును డ్రైవ్‌లోకీ రివర్స్‌లోకీ మార్పించారు. మార్చిన ప్రతిసారీ ఇంజన్ మొత్తం బెత్తెడు పైకి లేచి పడింది. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటు రబ్బరు చిరిగిపోయి ఉందని అప్పుడు తెలిసింది. అది మార్చాక కుదుపు పోయింది. అలాగే ఒక స్పార్క్ ప్లగ్ సరిగా మండించకపోయినా, గేర్ ఆయిల్ తగ్గినా, ఆయిల్ దారులను తెరిచి మూసే సోలనాయిడ్లలో ఒకటి మొరాయించినా, వైరు కనెక్టరులో తేమ చేరినా మీరు చెప్పిన లక్షణమే కనిపించవచ్చు.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెట్టి చూశామని చెబితే, ఏ కోడ్ వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. పి0700 అన్న కోడ్‌ను చూపించి గేర్‌బాక్స్ పోయిందనేవారు ఉన్నారు. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపాన్ని నమోదు చేసిందని ఇంజన్ కంప్యూటర్‌కు తెలియజేయడమే ఆ కోడ్ అర్థం. అసలు లోపం ఏమిటో చెప్పే కోడ్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో వేరుగా ఉంటుంది. దాన్ని చదవలేని స్కానర్ ఉన్న చోట మీ పని ముందుకు సాగదు. మంచి స్కానర్‌తో, బండి నడుస్తుండగానే లోపలికి వచ్చే షాఫ్టు వేగాన్నీ, బయటికి వెళ్ళే షాఫ్టు వేగాన్నీ పక్కపక్కన చూడవచ్చు. ఆ రెండింటి నిష్పత్తి ఆ గేరుకు ఉండవలసిన నిష్పత్తితో సరిపోకపోతే లోపల క్లచ్ జారుతోందనడానికి అది గట్టి ఆధారం. సరిపోతుంటే క్లచ్ మీద తీర్పు చెప్పడం తొందరపాటే. ఈ పరీక్ష మీ ఎదుట చేసి చూపించినవారి మాటకు నేనైతే ఎక్కువ విలువ ఇస్తాను.

తరువాత ఆయిల్ సంగతి. ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూపించమని అడగండి. సాధారణంగా కొత్తది ఎర్రగా ఉండి, వాడకంలో క్రమంగా నల్లబడుతుంది. కేవలం రంగు మారినంత మాత్రాన భయపడనక్కరలేదు. మాడిన వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు బాగా వేడెక్కాయని అర్థం. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి దిగుతోందని అనుమానించాలి, అలాంటప్పుడు బండిని ఇక నడపకూడదు. ఇప్పటి కార్లలో చాలావాటికి గేర్ ఆయిల్ చూసుకునే డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉండగా, ఇంజన్ నడుస్తుండగా, ప్రత్యేకమైన ప్లగ్ విప్పి మట్టం చూడాలి. ఆ ఉష్ణోగ్రత ఎలా చూస్తారని అడిగినప్పుడు తడబడేవారికి బండి అప్పగించవద్దు.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ దించినప్పుడు మీరు దగ్గర ఉండడం మంచిది. అందులో ఇనుప రజను పట్టుకునే చిన్న అయస్కాంతాలు అంటుకుని ఉంటాయి. వాటి మీద వేలితో రాస్తే బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకోవడం మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే ముక్కలు, మెరిసే రేకులు కనిపిస్తే మాత్రం పెద్ద పని చెప్పినవారి మాటలో నిజం ఉండవచ్చు.

నిజంగానే విప్పాల్సి వస్తే, అంచనాను దశలవారీగా రాసిమ్మనండి. దించి విప్పి చూడడానికి ఎంత, చూశాక రిపేరు వద్దనుకుంటే తిరిగి బిగించి ఇవ్వడానికి ఎంత, మీ సంతకం లేకుండా ఏ పని మొదలుపెట్టరు అన్నవి అందులో ఉండాలి. ఓవర్‌హాల్ అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు. క్లచ్ ప్లేట్లు, సీళ్ళు, బుష్‌లు, ఫిల్టర్ మారుస్తారా, టార్క్ కన్వర్టర్‌ను ఏం చేస్తారు, ఆయిల్ కూలర్‌నూ దాని గొట్టాలనూ కడుగుతారా లేక కొత్తవి వేస్తారా అని విడివిడిగా అడగండి. పాత గేర్‌బాక్స్ రజను కూలర్‌లో నిలిచిపోతే అది కొత్తదాన్నీ పాడుచేస్తుంది. ఈ ఒక్క ప్రశ్న మరిచిపోయి రెండుసార్లు ఖర్చు పెట్టుకున్నవారున్నారు. మార్చిన పాత భాగాలు మీకు చూపించాలి. గ్యారంటీ ఎన్ని నెలలు, ఎన్ని కిలోమీటర్లు, విడిభాగాలకేనా మజూరీకి కూడానా అన్నది బిల్లు మీదే ఉండాలి.

ప్రశ్న: మా కారు గేర్ ఆయిల్ జీవితకాలం మార్చనక్కరలేదని కంపెనీవారు చెప్పారు. షెడ్డువారు మార్చమంటున్నారు. ఇది డబ్బు కోసం చెబుతున్నదేనా? – ఒక పాఠకుడు

జవాబు: కానక్కరలేదు. ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్, తన గేర్‌బాక్స్‌లలో ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఆలస్యమంటే 8 ఏళ్ళకు మార్చమని సూచిస్తోంది. మీ బండికి వర్తించే గడువు కోసం కారుతో ఇచ్చిన పుస్తకంలో (మాన్యువల్‌లో) ‘కఠినమైన వాడకం’ కింద ఏం రాశారో చూడండి. గడువుకంటే ముఖ్యమైనది ఆయిల్ రకం. అన్ని కార్లకూ ఒకే డ్రమ్ములోని ఆయిల్ పోసే చోటుకు వెళ్ళవద్దు. ముఖ్యంగా విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ గేర్‌బాక్స్‌లో కప్పీల మధ్య తిరిగే ఉక్కు బెల్టు జారకుండా పట్టు నిలవాలంటే దానికి నిర్దేశించిన ఆయిలే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టూ కప్పీలూ దెబ్బతింటాయి. సీలు వేసిన డబ్బాను మీ ఎదుట తెరవమనండి, దాని మీది ప్రమాణాన్ని మాన్యువల్‌తో పోల్చుకోండి. పాన్ ప్లగ్ విప్పితే ఆయిల్‌లో కొంత భాగమే కారుతుంది, మిగిలినది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందువల్ల మొత్తం ఎన్ని లీటర్లు దించారో, ఎన్ని పోశారో బిల్లులో రాయించుకోండి.

ప్రశ్న: కంపెనీ సర్వీస్ సెంటర్ మంచిదా, గేర్‌బాక్స్ పనే చేసే షెడ్డు మంచిదా? – మరొక పాఠకుడు

జవాబు: వారంటీ ఇంకా మిగిలి ఉంటే కంపెనీ సెంటరే. సాఫ్ట్‌వేర్ మార్పు, క్లచ్‌ను కంప్యూటర్‌కు కొత్తగా నేర్పించడం వంటి పనులున్నా అక్కడే సులువు. వారంటీ దాటాక లోపలి భాగం ఒక్కటే మార్చి బాగుచేయించాలంటే, చాలా సెంటర్లు గేర్‌బాక్స్ విప్పకుండా మొత్తంగా మారుస్తాయి కాబట్టి, మీ కారులోని గేర్‌బాక్స్ రకాన్నే తరచుగా విప్పే షెడ్డు మేలు. అక్కడ చేయించుకున్నవారిని వెతికి పట్టుకుని, బండి బాగుందా అని కాకుండా, మళ్ళీ సమస్య వచ్చినప్పుడు వాళ్ళు ఎలా మాట్లాడారని అడగండి.